కామాగారి రెండు గీతలు

ఆయన్ని ప్రెస్సులో అందరూ కామాగారు అనేవాళ్ళు. ఎదురుగా కాదు, చాటుగా. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసినా పట్టించుకోలేదు, ఆ పేరులో అచ్చుతప్పేం లేదు గనక.

నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళు ఆయనవి. బస్సెక్కితే టిక్కెట్టు రెండువైపులా చదివేవారు. హోటలుకి వెళ్తే ముందు గోడ మీది పట్టికలో తప్పులు ఏరి, ఆ తర్వాతే కాఫీ చెప్పేవారు. ఒకసారి బావమరిది రాసిన ఉత్తరాన్ని ఎర్రసిరాతో దిద్ది, జవాబుతో పాటు దాన్నీ తిప్పి పంపారు. ఆ నెలలోనే బావమరిది ఫోను పెట్టించుకున్నాడు. మళ్ళీ ఉత్తరం రాస్తే ఒట్టు.

ప్రెస్సులో ఆయన చోటు కిటికీ పక్క మూల. ఒక వాలుబల్ల, ఒక భూతద్దం, వరస కింద ఆనించుకోడానికి ఒక చెక్క స్కేలు, మూతలు పోయిన రెండు ఎర్ర పెన్నులు. అవతలి గోడ వారగా కంప్యూటరు బల్ల. దాని ముందు కూర్చుని పేజీలు కంపోజు చేసే ఆవిడ సీసం అక్షరాల రోజుల్లో ఈ ప్రెస్సులో చేరింది. గళ్ళపెట్టెలోంచి ఒక్కో అక్షరం ఏరి పేర్చిన చేతులే ఇప్పుడు కీబోర్డు మీద పరిగెత్తేవి. ఓనరుగారి దగ్గర్నించి మిషను నడిపే ఆయన దాకా అందరికీ ఆవిడ అక్కగారే. కామాగారికి మాత్రం ఒకప్పుడు చెల్లెమ్మ.

ఒకప్పుడు అనడానికి కారణం ఉంది. పదకొండేళ్ళ కిందట ఒక డాక్టరుగారు తన దగ్గరికొచ్చే రోగులకి పంచడానికి కరపత్రం వేయించుకున్నారు. 'ప్రతిరోజూ భోజనానికి ముందు తీసుకోవాలి' అని ఉండాల్సిన చోట ఒక కొమ్ము ఊడిపోయి 'ప్రతిరోజూ భోజనానికి మందు తీసుకోవాలి' అని అచ్చయింది. రెండువేల కాపీలు. రోగుల్లో కొందరు బాగా సంతోషించారని విన్నారు గానీ, డాక్టరుగారు మాత్రం సంతోషించలేదు. నేను గుర్తు పెట్టాను, ఆవిడే దిద్దలేదని కామాగారు. ఆయన గుర్తు పెట్టనేలేదు, పెడితే నేనెందుకు వదిలేస్తానని అక్కగారు. తేల్చుకుందామంటే ఆ ప్రూఫు కాగితం దొరకలేదు. ఎవరో దాంతో మిషను మీది సిరా తుడిచి పారేశారు. ఆ సాయంత్రం నించి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేకపోయినా పని ఆగలేదు. చీటీలు మొదలయ్యాయి. ఈయన ఒక చీటీ మీద 'పేజీ 16, వరస 4 చూడగలరు' అని రాసి, రెండు బల్లల మధ్యనున్న తట్టలో వేసేవారు. ఆవిడ 'చూశాను. అలాగే ఉంచగలరు' అని రాసేది. ఈయన 'ఉంచలేను' అని రాసేవారు. రెండు బల్లలకీ మధ్య దూరం ఆరడుగులు. కొత్తగా చేరినవాళ్ళు ఇదంతా ప్రెస్సు పద్ధతేమోనని, తాము కూడా టీ కావాలంటే చీటీ రాసిన రోజులున్నాయి.

ఇలా ఉండగా ఆ ప్రెస్సుకి ఒక పెద్దపని వచ్చింది. వడ్రంగం బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఎనభయ్యారేళ్ళ పెద్దాయన ఒకాయన, ముప్ఫై ఏళ్ళు తిరిగి పనిముట్ల పేర్లన్నీ పోగేశారు. కమ్మరివి, కంసాలివి, చెప్పులు కుట్టేవాళ్ళవి, పడవలు కట్టేవాళ్ళవి, ఆఖరికి వంటింటివి కూడా, ఒక్కోదానికి బొమ్మ, కొలత, ఎలా పట్టుకోవాలో రెండు వాక్యాలు. తొమ్మిదివందల పేజీల నిఘంటువు. లైబ్రరీలవాళ్ళు ముందే అడిగిపెట్టుకున్నారు, తారీఖు కూడా ఖాయం చేశారు. కామాగారికి ఆ పుస్తకం మీద ఎంత మోజు పుట్టిందంటే, ఇంటికెళ్ళి భోజనం దగ్గర భార్యకి చెక్క నునుపు చేసే చిత్రికకీ, చెక్కే బాడిసకీ తేడా చెప్పేవారు. ఆవిడ వింటూ, "కూర ఎలా ఉందో కూడా కాస్త చెప్పండి" అనేది.

ఆరువందల ఇరవయ్యో పేజీ దగ్గర అక్కగారి కాలు విరిగింది. తడిగా ఉన్న మెట్టు మీద జారి చీలమండ దగ్గర ఎముక చిట్లింది. ఆరువారాలు కాలు కింద పెట్టకూడదన్నారు డాక్టర్లు. ఆవిడ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పుస్తకమేమో ప్రెస్సు కంప్యూటర్లో ఉంది. దానికి కావలసిన అక్షరాలూ, పేజీలు పేర్చే ప్రోగ్రామూ, వేలకొద్దీ బొమ్మలూ అన్నీ ఆ ఒక్క పెట్టెలోనే. అది లినక్సు మీద నడిచే పెట్టె. ఆరేళ్ళ కిందట దాన్ని కూర్చిన కంప్యూటరు మేస్త్రికి తర్వాత ఓడలో ఉద్యోగం దొరికి సముద్రాల మీద తిరుగుతున్నాడు. ఓడ ఒడ్డుకి తగిలితేనే అతని ఫోనూ తగిలేది.

ఓనరుగారు కాలుగాలిన పిల్లిలా తిరిగారు. పెట్టెనే మోయించి ఆవిడ ఇంట్లో పెడదామా అంటే, ప్రెస్సులో మిగతా పనులన్నీ దాని మీదే నడవాలి. అప్పుడు అక్కగారే ఫోను చేసి, పెట్టె నా దగ్గరికి రానక్కర్లేదు, నేనే పెట్టె దగ్గరికి వస్తాను, కాలు కదపకుండా వస్తానంది. నొప్పి మాత్రలు ఎక్కువయ్యాయేమోనని ఓనరుగారు భయపడ్డారు. ఆవిడ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. దీన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. ఇంట్లో మా చెల్లెలి లాప్‌టాప్ ఉంది. దాని తెర మీదికి ప్రెస్సు కంప్యూటరు తెర వచ్చేస్తుంది. నేనిక్కడ మీట నొక్కితే అక్కడ అక్షరం పడుతుంది. కాకపోతే ముందు ఆ పెట్టె ముందు ఎవరైనా కూర్చుని, నన్ను లోపలికి రానిమ్మని దానికి చెప్పాలి. మేస్త్రికి మెసేజీ పెట్టాను, ఏమేం చెయ్యాలో వరసగా రాసి పంపాడు, అంది.

ఎవరు కూర్చోవాలి? ఓనరుగారికి రెండు నిమిషాలు ఒకచోట నిలకడ లేదు. మిషను ఆయన చేతులు మోచేతుల దాకా సిరా. మిగిలింది కామాగారు. ఆయన జన్మలో కీబోర్డు ముట్టుకోలేదు. పైగా అవతల ఉన్నది ఆవిడ. ససేమిరా అంటారనే అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుని, "'మ'కారం నించి ఇంకా చదవలేదు నేను" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

మర్నాడు పొద్దున పదిగంటలకి ముహూర్తం. మేస్త్రి పంపిన మెసేజీని ఓనరుగారు పక్క జిరాక్సు షాపులో ప్రింటు తీయించి తెచ్చారు. ఫోనుని లౌడుస్పీకరులో పెట్టి కీబోర్డు పక్కన ఉంచారు. కామాగారు అక్కగారి కుర్చీలో అంచు మీద కూర్చున్నారు. మొదలైంది కథ. "ఆయన్ని ఆ మూలనున్న నల్ల బొమ్మ మీద నొక్కమనండి" అని ఫోను. "నొక్కానని చెప్పండి" అని కామాగారు. మధ్యలో ఓనరుగారు అటూ ఇటూ తల తిప్పుతూ, ఇద్దరికీ వినపడుతున్న మాటల్నే ఇద్దరికీ మళ్ళీ చెప్పారు. తెర మీద నల్లటి కిటికీ ఒకటి తెరుచుకుంది, అందులో ఒక గీత మినుకు మినుకుమంటోంది. ఇందులో రాసేది ఆజ్ఞలని, ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా అది వినదని ఫోను చెప్పింది. ఆ ఒక్క మాటతో కామాగారికి కంప్యూటరు మీద మొదటిసారి గౌరవం కలిగింది.

ఇంతలో వీధిలో కాగితం లారీ వచ్చి హారను కొట్టింది. ఓనరుగారు ఒక్క అంగలో బయటికి వెళ్ళిపోయారు.

కామాగారు మొదటి ఆజ్ఞ ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టారు. దూరం నించి వచ్చేవాళ్ళని లోపలికి రానిచ్చే ఎక్స్ ఆర్ డి పి అనే ప్రోగ్రామును తెచ్చి పెట్టమని దాని అర్థం. ఎంటర్ కొడితే అది పాస్‌వర్డు అడిగింది. పాస్‌వర్డు కాగితం మీద ఉంది. కొట్టారు. ఏమీ పడలేదు. మళ్ళీ కొట్టారు. పడలేదు. కీబోర్డుని కాస్త ఎత్తి కింద చూసి మళ్ళీ పెట్టారు. ఓనరుగారి కోసం గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు. ఫోనులో అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పదకొండేళ్ళ తర్వాత ఆయన గొంతు సవరించుకున్నారు.

"అక్షరాలు పడట్లేదు."

"పడుతున్నాయి. పాస్‌వర్డు కదా, పైకి కనపడనివ్వదు. నమ్మి కొట్టి ఎంటర్ నొక్కండి."

"చూడకుండా నమ్మడం నా వృత్తిలో లేదు."

"ఈ ఒక్కసారికి నమ్మండి."

నమ్మారు. మూడుసార్లు కొట్టింది కలగలిసిపోయి అది కాదు పొమ్మంది. నాలుగోసారి నమ్మకంగా ఒక్కసారే కొట్టేసరికి ఒప్పుకుని, తెర నిండా వరసలు వరసలుగా ఏదో రాసుకుంటూ పోయింది. కామాగారు స్కేలు తెర మీద ఆనించి చదవబోయారు. వరసలు స్కేలు కింద నించి జారిపోయాయి. అంతా చదవక్కర్లేదండీ, దాని గొడవ అది పడుతుంది అంది అక్కగారు. రాసిందాన్ని చదవకుండా వదిలెయ్యడం ఆయనకి మనసొప్పలేదు గానీ, చేసేదేం లేక చేతులు కట్టుకుని కూర్చున్నారు.

చిక్కంతా నాలుగో ఆజ్ఞ దగ్గర వచ్చింది. తెచ్చిపెట్టిన ప్రోగ్రామును ఇప్పుడే లేపి, ఇకముందు పెట్టె వెలిగినప్పుడల్లా దానంతటదే లేచేలా చెయ్యమని ఆ ఆజ్ఞ. అందులో 'నౌ' అనే మాట ముందు ఒక అడ్డగీత ఉంది.

"ఇక్కడ డ్యాష్ ఉంది. డ్యాష్ ఏ మీటలో ఉంటుంది?"

"సున్నా పక్కన."

"సున్నా పక్కనున్నది హైఫన్. నేనడుగుతున్నది డ్యాష్."

"కంప్యూటరుకి రెండూ ఒకటేనండీ, కొట్టండి."

కొట్టారు. అర్థం కాలేదంది పెట్టె. మళ్ళీ చూసి కొట్టారు. మళ్ళీ అదే మాట. అక్కగారు ఒక్కో అక్షరం చదివించింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముప్పావుగంట గడిచింది. మేస్త్రికి ఫోను చేస్తే ఓడ ఒడ్డు వదిలేసినట్టుంది, అందుబాటులో లేదంది. అక్కగారి గొంతులో అలసట తెలుస్తోంది. కాలు నొప్పి పెడుతోందేమో, ఇవాల్టికి ఆపేద్దామా అంది.

కామాగారు ఆ మాట వినిపించుకోలేదు. కీబోర్డు వదిలేసి, కాగితం తీసుకుని తన వాలుబల్ల దగ్గరికి వెళ్ళారు. భూతద్దం పెట్టారు. ఈ పని ఆయనకి వచ్చు.

కాగితంలో ఇంకో రెండుచోట్ల అడ్డగీతలున్నాయి. రెండూ పొట్టివి. మాటకీ మాటకీ మధ్య అతికినట్టున్నాయి. ఇదొక్కటే పొడుగు. దీనికి ముందు జాగా ఉంది, వెనక లేదు. డ్యాష్ అనేది వాక్యంలో విరుపు కోసం వేస్తారు. ఇక్కడ విరుపేముంది? ఇది డ్యాష్ రూపంలో ఉంది గానీ డ్యాష్ నడవడి దీనికి లేదు. ఆయన భూతద్దం పక్కన పెట్టి, కిటికీలోంచి కాసేపు బయటికి చూశారు. పాతరోజుల్లో రచయితలు టైపు మిషను మీద రాసి తెచ్చేవాళ్ళు. టైపు మిషనులో డ్యాష్ ఉండేది కాదు. పాపం వాళ్ళేం చేసేవాళ్ళు?

ఆయన గబగబా ఫోను దగ్గరికి వచ్చారు.

"టైపు మిషను కాగితాల్లో రెండు హైఫన్లు పక్కపక్కన కనిపిస్తే మీరేం చేసేవారు?"

"డ్యాష్ వేసేదాన్ని."

"మరి ఆ మేస్త్రి ఫోను కూడా కంపోజింగు నేర్చుకుందేమో. అతను రెండు గీతలు కొట్టి ఉంటాడు. ఫోను తెలివి చూపించి రెంటినీ కలిపి ఒక డ్యాష్ చేసి పెట్టింది."

అక్కగారి గొంతు కొంచెం మారి వచ్చింది.

"అన్నయ్యగారూ, రెండు కొట్టండి."

రెండు కొట్టారు. పెట్టె మారుమాట్లాడకుండా పని చేసుకుపోయింది. కామాగారు పైకేం అనలేదు. కాగితం మీద ఆ పొడుగు గీతని ఎర్ర పెన్నుతో కొట్టేసి, అంచున రెండు పొట్టి గీతలు వేశారు. అంతటితో ఆగక మిగతా కాగితమంతా దిద్దారు. ఫోను వంకరగా తిప్పేసిన కొటేషను గుర్తులు రెండు దొరికాయి. వాటినీ నిటారుగా నిలబెట్టాకే తర్వాతి ఆజ్ఞలోకి వెళ్ళారు. ఆ పైన ఒక్కటీ ఎదురు తిరగలేదు.

మధ్యలో వచ్చిన ఓనరుగారు, ఎవరో చెప్పారట, ఇంటర్నెట్ డబ్బాలో ఒక తలుపు తెరిచిపెడితే ఈ తంటాలన్నీ ఉండవట కదా అన్నారు. అక్కగారు ఒప్పుకోలేదు. వీధి తలుపు తీసి పెడితే నాతో పాటు ఊళ్ళో ప్రతివాడూ వచ్చి గొళ్ళెం కదుపుతాడు, వద్దంది. తన లాప్‌టాప్‌కీ ప్రెస్సు పెట్టెకీ మధ్య సొంత సొరంగం వేసే ప్రోగ్రాము ఒకటి మేస్త్రి చెప్పాడు. దాన్ని అటూ ఇటూ పెట్టారు. ఆ సొరంగంలోంచి వచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ దారివ్వొద్దని పెట్టెకి ఇంకో ఆజ్ఞ ఇచ్చారు.

అప్పటికి భోజనాల వేళ దాటిపోయింది. అక్కగారు తన లాప్‌టాప్‌లోంచి తలుపు తట్టింది. పెట్టె పేరడిగింది, పాస్‌వర్డడిగింది, తీరా లోపలికి రానిచ్చాక తెరంతా నల్లగా అయిపోయింది. మళ్ళీ తట్టింది. మళ్ళీ నలుపే. కాసేపు ఆలోచించి ఆవిడ, అసలు సంగతి తెలిసిందండీ అంది. కామాగారు ఇప్పుడు కూర్చున్నది ఆవిడ పేరు మీదే. ఒకే పేరుతో ఇద్దరు లోపల ఉండటం దానికి నచ్చట్లేదు.

"మీరు కాస్త బయటికి రండి అన్నయ్యగారూ."

కామాగారు లేచారు. కొంతసేపటికి ఆయన గొంతు దూరం నించి, "వచ్చాను" అని వినిపించింది.

"ఎక్కడికొచ్చారు?"

"వరండాలోకి."

మిషను నడిపే ఆయన ఆ తర్వాత చాలారోజులు ఈ ముక్క తలుచుకుని నవ్వేవాడు. అక్కగారు మాత్రం ఆ పూట నవ్వలేదు, నవ్వు ఆపుకున్నట్టు గొంతు వణికిందంతే. బయటికి రావడమంటే లాగౌట్ అవడమని, తెర పైన కుడి మూలన నొక్కితే వస్తుందని చెప్పింది. ఆయన నొక్కారు. తెర మీదున్నవన్నీ పోయి, పేరడిగే ఉత్త తెర మిగిలింది. అవతల నించి, "వచ్చేశాను" అంది అక్కగారు.

కామాగారు తెర వంక చూశారు. ఎవరూ వచ్చిన జాడ లేదు. ఏమీ కదల్లేదు. అంతలో బల్ల కిందనున్న ప్రింటరు గుర్రుమంటూ లేచింది. ఎవరూ ముట్టుకోకుండా ఒక కాగితం లాక్కుని, తిప్పి తిప్పి బయటికి తోసింది. వంగి తీసుకున్నారు. ఆరువందల ఇరవయ్యొకటో పేజీ. మొదటి మాట మంగలికత్తి. కాగితం ఇంకా వెచ్చగా ఉంది. ఆయన స్కేలు తీసుకుని అక్కడే నిలబడి చదవడం మొదలుపెట్టారు. మూడో వరసలో ఒక జాగా ఎక్కువ పడింది. చీటీ కోసం చెయ్యి తట్టలోకి పోయింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని ఫోనులోనే చెప్పారు.

మర్నాడు పొద్దున అక్కగారు తలుపు తడితే పలకలేదు. తీరా చూస్తే పెట్టె నిద్రపోయింది. ఎవరూ ముట్టుకోకపోతే ఇరవై నిమిషాలకి కునుకు తీయడం దాని అలవాటట. ఈసారి కామాగారికి ఎక్కడ నొక్కాలో సగం చెప్పేసరికే తెలిసిపోయింది. సెట్టింగుల్లో కరెంటుకి సంబంధించిన పేజీకి వెళ్ళి ఆ నిద్ర మానిపించారు. ఆ సాయంత్రం ఓనరుగారు ఇంటికెళ్తూ అలవాటుగా మెయిన్ స్విచ్చి ఆర్పేశారు, మర్నాడు మళ్ళీ మొదటికొచ్చింది. ఇక లాభం లేదని కామాగారు గుండ్రటి అక్షరాలతో ఒక అట్ట రాసి స్విచ్చి మీద తగిలించారు. 'ఈ స్విచ్చి ఆర్పరాదు. లోపల మనిషి పని చేస్తున్నారు.' ఊడ్చే ఆవిడ అది చదివి రెండురోజులు ఆ గది ఛాయలకి రాలేదు.

ఆ తర్వాత పని గాడిన పడింది. పొద్దున పదిగంటలకి ఫోను మోగేది. ఆవిడ మూడో అంతస్తులో కాలు స్టూలు మీద పెట్టుకుని పేజీలు పేర్చేది, ఇక్కడ ప్రింటరు వాటిని కక్కేది, కామాగారు దిద్దినవి ఫోనులో చదివి వినిపించేవారు. చీటీలో పట్టే మాటలు వేరు, ఫోనులో పట్టే మాటలు వేరు. వరస నంబరు చెప్పాక ఒక క్షణం ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో ఏదో ఒకటి అనాలి. కాలెలా ఉందమ్మా అన్నారొకరోజు. దురద పుడుతోంది, కట్టు లోపలికి అల్లికసూది దూర్చి గోక్కుంటున్నానంది ఆవిడ. ఆ సూదికి ఈ పుస్తకంలో ఆరుపేర్లున్నాయని ఈయన చెప్పారు. అలా రోజుకొక ముక్క. ఇంటికెళ్ళాక ఆయన భోజనం దగ్గర అక్కగారి కాలు సంగతులు చెబుతోంటే భార్య వింతగా చూసింది. పదకొండేళ్ళు ఈ ఇంట్లో ఎత్తకూడని పేరది.

మూడోవారంలో ఆవిడకి జ్వరం తగిలింది. రెండురోజులు లేవలేకపోయింది. అప్పటికి దిద్దుబాట్లు పదకొండు మిగిలిపోయాయి. ఫోను చేసి, మీకు తలుపు తీయడం వచ్చు, పేజీ ఎలా తెరవాలో నేను చెబుతాను, ఆ పదకొండూ మీరే వేసేయకూడదా అని నీరసంగా అడిగింది. కామాగారు మధ్యాహ్నం ఒంటిగంటకి కూర్చుని నాలుగున్నరకి లేచారు. రెండు వేళ్ళతో పదకొండు దిద్దుబాట్లు. మిషను ఆయన రెండుసార్లు టీ తెచ్చి పెట్టాడు, రెండూ చల్లారిపోయాయి. అన్నీ అయ్యాక ఒకటికి రెండుసార్లు చదువుకుని, ఏ తప్పూ లేదని నిశ్చయించుకుని ఇంటికెళ్ళారు.

మర్నాడు అక్కగారు ఇంటినించి ఆ పేజీలు తెరిచి చూసింది. ఫోనులో చాలాసేపు అటూ ఇటూ మాట్లాడాక, అప్పుడు చెప్పింది.

"అన్నయ్యగారూ, ఆరువందల డెబ్భై రెండులో ఒక కొమ్ము జారింది."

ఆయన కాగితం తీసి చూశారు. జారింది. ములుకు ఉండాల్సిన చోట మలుకు అని ఉంది. తన చేత్తో కొట్టిన మాట, తన కళ్ళతో రెండుసార్లు చదివిన మాట. కూర్చున్నవారు కూర్చున్నట్టే ఉండిపోయారు.

"జారుతుందమ్మా," అన్నారు చివరికి. "మీటల మీద చెయ్యి పడ్డాక ఎక్కడో ఒకచోట జారకుండా ఉండదు. అందుకేగా చూసేవాడొకడు ఉండేది. ఆ డాక్టరుగారి కాగితం నేను సరిగా చూడలేదేమో."

"మీరు గుర్తు పెట్టారేమో, నేనే దాటేశానేమో," అంది అక్కగారు. "నిజం చెప్పాలంటే నాకు ఆ కాగితం అసలు జ్ఞాపకం లేదు. ఆ రోజు పొద్దుణ్ణించి తలనొప్పిగా ఉంది."

"నాకూ జ్ఞాపకం లేదు చెల్లెమ్మా. జ్ఞాపకం ఉందని పదకొండేళ్ళు చెప్పుకుంటూ తిరిగాను."

ఆ మాట తర్వాత ఇద్దరూ దాని ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ ఆ కొమ్ము పెట్టేసి తర్వాతి పేజీకి వెళ్ళింది.

పుస్తకం తారీఖుకి నాలుగురోజుల ముందే అచ్చుకెళ్ళింది. బైండింగయ్యాక మొదటి ప్రతి చూసుకోడానికి పెద్దాయన వచ్చారు. కూర్చోబెట్టి చేతిలో పెడితే ఆయన అట్ట చూడలేదు, పేరు చూడలేదు. సరాసరి చిత్రిక పేజీ తీసి, బొమ్మ మీద బొటనవేలు ఆనించి, పిడి దగ్గర వంపు సరిగ్గా వచ్చిందో లేదో తడిమి చూసుకున్నారు. సరిగ్గానే వచ్చింది. ఎవరు దీన్ని పేర్చింది అని అడిగారు. ఆవిడ ఇక్కడ లేదండీ, ఇంట్లో ఉంది అని ఓనరుగారు చెబితే, ఇంట్లో ఉండి ఇక్కడ ఎలా పేర్చిందని అడిగారు. కామాగారు కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుని, సొరంగం దగ్గర్నించి మొదలుపెట్టి అరగంట చెప్పారు. పెద్దాయన ఓపిగ్గా విని, ఆ ప్రోగ్రాము కూడా ఒక పనిముట్టే కదా, దాన్ని ఎలా పట్టుకోవాలో రెండు వాక్యాల్లో రాసివ్వగలరా అని అడిగారు. కామాగారు ఆ రెండు వాక్యాల కోసం వారంరోజులు కుస్తీ పట్టారు.

అక్కగారు చేతికర్రతో ప్రెస్సుకి వచ్చిన రోజున ఓనరుగారు, ఇక ఆ సొరంగం పూడ్చేద్దామా అన్నారు. వద్దన్నారు ఇద్దరూ ఒక్కసారే. మూడంతస్తుల మెట్లు వారానికి రెండురోజులైనా తప్పితే కాలికి మంచిదని ఆవిడ. రెండో ముద్రణ ప్రూఫులు ఇంట్లో కూర్చుని తెర మీదే చూసుకుంటానని ఈయన. ఈయనకి వేరే పేరు మీద ఖాతా తెరిచింది అక్కగారు. పేర్లు వేరైతే ఒకేసారి ఇద్దరు లోపల ఉన్నా పెట్టెకి అభ్యంతరం లేదు. పాస్‌వర్డు ఏం పెట్టుకున్నారో ఎవరికీ చెప్పలేదు గానీ, కొట్టేటప్పుడు చప్పుడు లేకుండా పెదవులు కదిపేవారు.

ఇంట్లో భోజనాల బల్ల మీద ఒక పాత లాప్‌టాప్ వెలిసింది. మొదట్లో భార్య విసుక్కుంది. తర్వాత తనకి ఏ గిన్నెనైనా ఏమంటారో తెలియకపోతే పక్కన నిలబడి, మీ పుస్తకంలో చూడండి అనడం మొదలుపెట్టింది. గరిటెల్లో ఎన్ని రకాలున్నాయో చూసి, ఇందులో సగం నా దగ్గర లేవని దెప్పింది కూడా.

పెద్దాయన ఊరుకోలేదు. పుస్తకం వచ్చిన మూడునెలలకి, వదిలేసిన పేర్లు ఇంకో నలభైమూడు దొరికాయని అనుబంధం రాసి పంపించారు. అది పేజీల్లోకి ఎక్కించాల్సిన రోజున పొద్దుణ్ణించి ఒకటే వాన. వీధుల్లో మోకాళ్ళలోతు నీళ్ళు. ప్రెస్సు తీయట్లేదని ఓనరుగారు ఫోను చేసి చెప్పారు. కామాగారు కిటికీ రెక్కలు మూసి, లాప్‌టాప్ తెరిచి, పేరు కొట్టి లోపలికి వెళ్ళారు. అక్కగారు అప్పటికే వచ్చి ఉంది. నాలుగో పేరు దగ్గర సెమికోలన్ ఉండాలా ఫుల్‌స్టాప్ ఉండాలా అని ఫోనులో ఇద్దరికీ గట్టిగానే మాటా మాటా పెరిగింది. వంటింట్లోంచి భార్య తొంగిచూసి, మీరిద్దరూ మళ్ళీ అలిగితే నేను ఒప్పుకోను అంది. ఆ మాట అవతల అక్కగారికీ వినపడింది. సరే, ఫుల్‌స్టాపే పెడతాను వదినా, అందావిడ.

తాళం వేసిన ప్రెస్సులో, దీపం లేని గదిలో, ఆ పెట్టె ఒక్కతే మేలుకుని ఇద్దరి పనీ చేసుకుపోయింది. వాన వెలిసేసరికి పదహారు పేజీలు పూర్తయ్యాయి.